ఎజ్రా హోల్రాయిడ్‌కి దొరికిన మాట

హేడెన్‌బ్రిగ్ ఊళ్ళో బట్టల కొట్టు ఎజ్రా హోల్రాయిడ్ ఏ కొత్త మాట నేర్చుకున్నా దాంతో ఎవర్నో ఒకర్ని కొట్టందే నిద్రపోయేవాడు కాదు. మిగతావాళ్ళు మాట నేర్చుకునేది చెప్పడానికి. అతను నేర్చుకునేది అనడానికి.

అతను పుట్టింది ఊరికి ఉత్తరాన, కొండ మీద, స్కార్‌టాప్‌లో. దాన్ని పల్లె అనడం కూడా మర్యాదకే. పొగచూరిన నల్లరాతి ఇళ్ళు కొన్ని, చుట్టూ హెదర్ పొదలు, ఊబి నేలలు, మనిషిని నిలవనివ్వని గాలి. తండ్రి ఇంట్లోనే చేమగ్గం మీద ఉన్ని బట్ట నేసేవాడు. లోయలో మిల్లులు లేచాక మగ్గం ఆగింది, కొన్నాళ్ళకి తండ్రీ పోయాడు. తల్లి నాన్, చెల్లెలు డైనా కొండ మీదే ఉండిపోయారు. ఎజ్రా మాత్రం దిగి వచ్చి సగ్డెన్ గారి బట్టల కొట్లో పనికి కుదిరాడు. గజంబద్ద పట్టుకోవడం, కొలిచేటప్పుడు బొటనవేలితో బట్టను కాస్త వెనక్కి లాగడం అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత సగ్డెన్ గారమ్మాయి కెజియాను పెళ్ళాడి, ముసలాయన కన్ను మూయగానే కొట్టు మీది పేరు చెరిపించి తన పేరు రాయించుకున్నాడు.

పేరు మార్చడం ఒక పూటలో అయిపోయింది. నాలుక మార్చడమే కష్టమైంది. కొండ మీది జనం ఒత్తులు పలకరు. దొరలు పలుకుతారు. ఎజ్రాకి దొరల్లా పలకాలని తపన. ఏ అక్షరానికి ఒత్తుందో తెలుసుకునే ఓపిక లేక, అందినదానికల్లా తగిలించేవాడు. "ఈ ఫ్లానెల్ ఛాలా ధట్టం అమ్మగారూ, ఛలికి భాగా ఆగుతుంది" అంటూ ఉంటే కొనేవాళ్ళు నవ్వాపుకోలేక పక్కకు తిరిగి దారపుండలు చూసేవారు. ఏ ఊరండీ మీదని ఎవరైనా అడిగితే "ఎగువన" అని చెయ్యి ఊపేవాడు, అదీ స్కార్‌టాప్ లేని కొండ వైపుకి. అబద్ధం ఆడాడని ఎవరూ పట్టుకోలేరు కదా, అదీ అతని తెలివి.

ఒక ఏడు వానల రోజుల్లో, ఎజ్రా వెళ్ళే చాపెల్‌కి, అంటే ప్రార్థన మందిరానికి, ఒక మిషనరీ వచ్చాడు. ఎండకు నల్లబడిన మనిషి. సముద్రాలకవతల చెట్టుకీ రాయికీ మొక్కే జనం గురించి కన్నీళ్ళు పెట్టుకుని ప్రసంగించాడు. వాళ్ళందర్నీ కలిపి ఒకే మాటతో పిలిచాడు: బినైటెడ్. రాత్రికి చిక్కినవాళ్ళు అని.

పాత ఇంగ్లీషు మాట అది. కొండ మీద వాళ్ళకి దానికి ఒక్కటే అర్థం. దారిలో ఉండగానే చీకటి కమ్మేసినవాడు, ఇల్లు చేరలేనివాడు రాత్రికి చిక్కినవాడు. వాణ్ణి వెతకడానికి లాంతరు పట్టుకుని ఎవరో ఒకరు వెళ్ళాలి. పుస్తకాలవాళ్ళు దాన్ని పట్టుకెళ్ళి ఇంకో అర్థం పెట్టారు. బుద్ధిలో దీపం లేనివాడు, అజ్ఞాని, మనకన్నా తక్కువవాడు అని. మొదటి అర్థం ఎజ్రా చిన్నప్పుడు తండ్రి నోట వందసార్లు విన్నదే. ఆ రోజు బల్ల మీద కూర్చుని, ఎన్నడూ విననివాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. రెండో అర్థం అతనికి ఎంత నచ్చిందంటే, దేవుడు ప్రత్యేకంగా తన కోసమే తయారుచేయించి పంపాడనుకున్నాడు.

మర్నాటి నుంచి ఊళ్ళో వెలుతురున్న మనిషి కరువయ్యాడు. సాదా రంగు వదిలి గళ్ళ గుడ్డ అడిగినవాళ్ళు రాత్రికి చిక్కినవాళ్ళు. మిల్లు పనివాళ్ళు, బీరు తాగేవాళ్ళు, అరువడిగేవాళ్ళు, ఎదురు వీధిలో ఫిడేలు పెట్టుకుని కీర్తనలు పాడే చాపెల్‌వాళ్ళు, అందరూ ఆ లెక్కే.

సంతలో పేగులు అమ్మే బెస్సీ క్రాబ్‌ట్రీ ఒకరోజు లోపావడాకి ఫ్లానెల్ కొందామని వచ్చి, అది ఉతికితే దగ్గరపడుతుందేమోనని అనుమానపడింది.

"నీలాంటి రాత్రికి ఛిక్కినవాళ్ళకి నాణ్యం ఏం థెలుస్తుంధిలే" అన్నాడు ఎజ్రా.

"ఏంటయ్యా అన్నావ్?"

"రాత్రికి ఛిక్కినధానివి అన్నాను."

"రాత్రికి చిక్కడమేంటి నా మొహం! పట్టపగలు వచ్చి నీకు చిక్కాను" అంది బెస్సీ. గుడ్డ అతని ముందే విసిరికొట్టి, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆ మాట సంతంతా తిరిగింది.

ఇంట్లో కెజియాకీ తప్పలేదు. ఆదివారం కేకులో సోపు గింజలు వేసిందని ఆమెనూ అదే మాట అన్నాడు.

"సోపు గింజలు వేస్తే అజ్ఞానమా?" అంది కెజియా. "అయితే తినకుండా ఉంటే జ్ఞానం. ఆ పళ్ళెం ఇటివ్వు." ఎజ్రా పళ్ళెం ఇవ్వలేదు.

కెజియా మొగుడితో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒకప్పుడు తనను 'అమ్మాయిగారూ' అని పిలిచినవాడు ఇలా పెరగడం చూసి చూసి, మాట్లాడ్డం దండగని తేల్చుకుంది. కానీ పెళ్ళయిన కొత్తలో ఒకసారి స్కార్‌టాప్ వెళ్ళి అత్తగారి పొయ్యి దగ్గర కూర్చుని వచ్చింది. అప్పట్నుంచి కొండకు పోయే బండివాడి చేత ఎప్పుడో ఒకప్పుడు టీ పొట్లం, గుడ్డముక్క పంపుతూనే ఉంది. ఎజ్రాకి తెలుసు. తెలియనట్టు ఉండడమే తాను చేస్తున్న సాయం అనుకునేవాడు.

శీతాకాలం మొదలవుతూ ఉండగా అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. సముద్రాలు దాటి పోవడమెందుకు, మన కొండల్లోనే చీకటుంది కదా, అక్కడికి పోయి ఉపన్యాసాలిచ్చి వెలుగు నింపుదామన్నాడు. చాపెల్‌లో దానికో సంఘం పెట్టారు. ఎజ్రా కార్యదర్శి అయ్యాడు. దేశంలో దక్షిణపు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఆంబ్లర్ గారు మెత్తటి మనిషి, ఎవరేం చెప్పినా నిజమే అనుకునేవాడు. ఆయన ఎంతో సంబరపడి, "మొదట స్కార్‌టాప్ వెళ్దాం. అక్కడ చదువు వచ్చినవాళ్ళే లేరట" అన్నాడు.

ఎజ్రా వెంటనే అడ్డుపడ్డాడు. పడమటి కొండ మీద ఇంకా ఎక్కువ చీకటి ఉందన్నాడు. దారి బాగాలేదన్నాడు. కుక్కలున్నాయన్నాడు. పాస్టరు అన్నిటికీ నవ్వి, "మీరు పక్కన ఉండగా నాకేం భయం?" అన్నాడు. తప్పలేదు.

శనివారం మధ్యాహ్నం బయల్దేరుతూంటే కెజియా టీ పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. "అత్తయ్యకివ్వు."

"పాస్టరుగారు పక్కన ఉంఠారు."

"ఉంటే? ఆయన టీ ఎప్పుడూ చూడలేదా?"

ఎజ్రా పొట్లం తీసుకున్నాడు, ఆమె లోపలికి వెళ్ళగానే గల్లా బల్ల కింద పెట్టేశాడు.

స్కార్‌టాప్‌లో జోనస్ గ్రీన్‌వుడ్ అనే ముసలి రైతు తన కొట్టం ఊడ్పించి ఇచ్చాడు. ఊరంతా వచ్చింది. మగవాళ్ళు గడ్డిమోపుల మీద, ఆడవాళ్ళు బల్లల మీద. మొదటి వరసలో నాన్ హోల్రాయిడ్. నోట్లో మట్టి చిలుం, చేతిలో అల్లిక, అరిగిపోయిన నల్ల శాలువా. పక్కన డైనా, నిటారుగా, చేతులు కట్టుకుని. ఎజ్రా లోపలికి అడుగుపెట్టగానే కొట్టంలో ఉన్న ప్రతివాడూ గుర్తుపట్టాడు. గుర్తుపట్టక ఏం చేస్తారు, ముక్కు తండ్రిది, నడక తండ్రిది. ఒక్కరూ పలకరించలేదు. వాడు ముందు నోరు విప్పుతాడేమో చూద్దామని ఊరుకున్నారు.

ఎజ్రా తల్లి వైపు చూడకుండా వెనక గోడకు వేలాడే గుర్రపు జీను వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"రాత్రికి ఛిక్కిన నా సోధరులారా!"

జోనస్ చటుక్కున లేచాడు. "ఎవరు? ఎవరు చిక్కింది?"

"మంచు దిగుతా ఉంది కూడాను" అన్నాడు వెనకనుంచి ఒకడు. "గొర్రెలకాడికి పోయిన మా తమ్ముడు ఇంకా రాలా." అప్పటికే ఇద్దరు లేచి తలుపు దాకా వెళ్ళారు. ఒకామె లాంతరు కోసం చెయ్యి చాచింది. "ఎటువైపు, అయ్యగారూ? ఊబి పక్కనా? చెప్పండి, పొద్దుండంగానే పోతాం."

ఎజ్రా ఇంకా ఆ జీను వైపే చూస్తున్నాడు. పాస్టరు ఆంబ్లర్ లేచి, ముఖం ఎర్రబడిపోగా, ఎవరూ తప్పిపోలేదని, అది బుద్ధికి సంబంధించిన మాటని, చదువు లేనివాళ్ళని అలా అంటారని సర్దిచెప్పాడు.

లేచినవాళ్ళు వచ్చి కూర్చున్నారు. "అట్లా చెప్పొద్దూ" అన్నాడు జోనస్. "తిట్టా అది!"

"అయితే మనల్నేనన్నమాట" అంది నాన్, చిలుం నోట్లోంచి తీసి. కోపం లేదు గొంతులో. అల్లిక ఒళ్ళో పెట్టుకుని ఎజ్రా ముఖంలోకి చూసింది. "అయ్యగారూ, ఒకటడుగుతా. మీదే ఊరు?"

"ధిగువన" అన్నాడు ఎజ్రా.

"దిగువనా. అట్లాగా." కొంచెం ఆగింది. "అమ్మ ఉందా నాయనా నీకు?"

అందరి కళ్ళూ ఎజ్రా మీదే. పాస్టరు కూడా తల తిప్పి చూశాడు, తన కార్యదర్శి గురించి ఆ సంగతి ఆయనకీ తెలియదు. ఒక్క మాట. 'నువ్వేగా అమ్మా' అంటే అయిపోయేది. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు, పాస్టరు మురిసిపోయేవాడు, రాత్రికి తల్లి పొయ్యి దగ్గర వేడి రొట్టె దొరికేది. ఎజ్రా చెమట తుడుచుకున్నాడు.

"లేధు."

"పోయిందా?"

"పోయింధి. నా ఛిన్నప్పుడే."

డైనా బల్ల మీంచి సగం లేచింది. తల్లి ఆమె మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"అయ్యో పాపం" అంది నాన్. "తల్లి లేని బిడ్డ ఇంతవాడయ్యాడంటే మాటలా. డైనా, లే, అయ్యగార్లకి రొట్టెలు కాల్చు. గాలికి నడిచొచ్చారు." అల్లిక మళ్ళీ చేతిలోకి తీసుకుంది కానీ, ఆ తర్వాత ఎంతసేపటికీ సూదులు కదల్లేదు.

ఊళ్ళో ఒక్కడు నోరు మెదిపాడు కాదు. అంతమందీ ఎజ్రాను కాళ్ళ నుంచి తల దాకా చూసి, చూపు తిప్పుకున్నారు. ఎంగిలాకును చూసినట్టు. అతనికి సిగ్గేసిందా? లేదు. ఊపిరాడింది. 'ముసలిది తెలివైందే' అనుకున్నాడు. మిగతా ఉపన్యాసం ఇంకా పెద్ద గొంతుతో ఇచ్చాడు.

కానీ రొట్టెలు తినడానికి తల్లి ఇంట్లో కూర్చోవడం అతని వల్ల కాలేదు. అవతలి పల్లెలో కరపత్రాలు పంచాలని వంక పెట్టి లేచాడు. పాస్టరు ఉండిపోయాడు, కొత్త బూటు ఆయన మడమ కొరికేసింది, జోనస్ బండి మీద దింపుతానన్నాడు. పొయ్యిలో ఊబి నుంచి తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు కణకణలాడుతుండగా ఓట్స్ పిండి రొట్టె, వెన్న తింటూ, ఇంత మర్యాదగల ముసలావిడను తానెక్కడా చూడలేదని ఆయన పదిసార్లు అన్నాడు.

ఎజ్రాకి కొండదారి తెలుసనే ధైర్యం. తెలిసింది పిల్లప్పుడు. రాతిగోడ వెంట పోతే బండిబాట వస్తుందనుకున్నాడు. గోడ ఉంది, ఆ తర్వాత లేదు. మంచు పాలలా దిగి ముందు కొండను, తర్వాత పొదలను, ఆఖరికి అతని బూట్లను కూడా మింగేసింది. ఆపైన చీకటి. నేల మెత్తబడింది. వెనక్కి తిరగబోయి కాలు వేస్తే ఊబి తొడ దాకా పట్టుకుంది. లాక్కుంటే కాలు వచ్చింది, బూటు రాలేదు. కరపత్రాల కట్ట నీళ్ళలో పడింది. హెదర్ దుబ్బు పట్టుకుని వేలాడుతూ ఎజ్రా అరవడం మొదలుపెట్టాడు.

"ఓయ్! ఎవరన్నా ఉన్నారా! చీకట్లో చిక్కా! రాత్రికి చిక్కానోయ్!"

ఒక్క ఒత్తు లేదు. పుట్టినప్పటి గొంతు, పుట్టినప్పటి అర్థం.

చాలాసేపటికి మంచులో పసుపచ్చటి మరక ఒకటి ఊగుతూ వచ్చింది.

"అరవమాక. వస్తన్నా. కదిలావంటే పోతావ్."

"డైనా!"

లాంతరు ఆగింది. "ఎవరండీ తమరు? నా పేరు మీకెట్టా తెలుసు?"

"డైనా, నేనే... సచ్చిపోతన్నా, చెయ్యి ఇయ్యి."

ఆమె చెయ్యి ఇవ్వలేదు. కర్ర చాచింది. అది పట్టుకుని పాకి, గట్టినేల మీద బోర్లా పడి రొప్పాడు. కాసేపటికి తల ఎత్తి, "అమ్మ పంపిందా?" అన్నాడు.

"ఎవరమ్మ? మీయమ్మ మీ చిన్నప్పుడే పోయిందంటిరి. నన్ను పంపింది మాయమ్మ. ఆ అయ్యగారు మంచులో దారి తప్పుతాడు, పో అంది. నేనైతే పొద్దున్నే వచ్చేదాన్ని, టోపీ ఏరుకోటానికి."

లాంతరు ముందు, అతను వెనక. ఒక కాలికి బూటు, ఒక కాలికి బురద. దారి పొడుగునా డైనా వెనక్కి తిరగలేదు. బండిబాట మీదికి చేరాక కింద లోయలో మిల్లుల దీపాలు వరసగా కనబడ్డాయి.

"అదుగో మీ వెలుతురు" అంది. "పొండి."

ఎజ్రా అలవాటుగా చిల్లర కోసం చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.

"తియ్యి" అంది డైనా. "తియ్యి, చూద్దాం."

ఆమె ముఖం చూసి అతను ఖాళీ చెయ్యే బయటికి తీశాడు. తీసి ఏమైనా అంటాడేమోనని ఆమె క్షణం ఆగింది. అతను కాలి బురద దులుపుకున్నాడు. లాంతరు మంచులోకి తిరిగిపోయింది.

తర్వాతి వారం సంఘం సమావేశంలో ఎజ్రా తన అనుభవాన్ని వివరించాడు. వెలుగు పంచే తొందరలో ప్రాణాన్ని లెక్కచేయక భయంకరమైన ఊబుల్లో తిరిగాడట. అక్కడి మోటు ఆడది ఒకతె, తన ఉపన్యాసానికి మనసు కరిగి, లాంతరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి కాళ్ళమీద పడిందట. "అంఠటి రాత్రికి ఛిక్కినవాళ్ళలో కూడా!" అని కళ్ళొత్తుకున్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక బల్ల మీద కూర్చున్న కెజియా కొట్టలేదు. పోయిన బూటు సంగతి ఆమెకి తెలుసు, గల్లా బల్ల కింద టీ పొట్లం సంగతీ తెలుసు. మిగతాది బండివాడు చెప్పాడు.

జనవరిలో, సంత రోజున, కొట్టు నిండా బేరాలుండగా జోనస్ గ్రీన్‌వుడ్ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "నాన్ పోయింది. నిన్న తెల్లవారుజామున. రొమ్ముపడిశం" అన్నాడు, ఎవర్నీ చూడకుండా.

ఎజ్రా డాక్టరుగారి భార్యకి రిబ్బన్ చుట్టి ఇస్తున్నాడు. చెయ్యి ఒక్కసారి ఆగింది. "ఎవరు?" అన్నాడు. "మీరు పొరభడినట్టున్నారు."

కెజియా లోపలి గదిలోంచి వచ్చింది. బల్ల మీదికి చావుకు కట్టుకునే నల్ల క్రేపు గుడ్డ తాను దించి, తనకు సరిపడా కొలిచి, పర్రున చించింది. తర్వాత వెళ్ళి కొట్టు తలుపు ఒక రెక్క మూసింది.

"సంథ రోజు! తెరువు!" అన్నాడు ఎజ్రా.

"మా అత్తగారు పోయారు" అంది కెజియా. అతనితో కాదు, బేరాలతో.

"ఏ అత్తగారమ్మా?" అంది గుమ్మంలో నిలబడ్డ బెస్సీ క్రాబ్‌ట్రీ.

"నాకున్నది ఒక్కతే. ఎజ్రా వాళ్ళమ్మ. స్కార్‌టాప్‌లో ఉండేది." రెండో రెక్క కూడా మూసి, జోనస్ బండెక్కింది.

మంచు గడ్డకట్టిన నేలను గునపాలతో తవ్వి పాతిపెట్టారు. కెజియా, డైనా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ప్రార్థన చదవడానికి వచ్చిన పాస్టరు ఆంబ్లర్, శవపేటిక మీద పేరు చూసి, చదవడం ఆపి, కెజియా వైపు చూసి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఎజ్రాకి కొట్లో సరుకు లెక్క చూసుకునే పని పడింది.

పాస్టరు మర్నాడే కొట్టుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ తల్లిగారు మీ చిన్నప్పుడే పోయారన్నారు."

"ఆథ్మ సంభంధంగా అన్నాను" అన్నాడు ఎజ్రా. "ఆవిడ విశ్వాసంలో లేధు కధా. ఆ విధంగా నాకు..."

"ఆవిడ మీ ఎదురుగా కూర్చుని ఉండగా అన్నారు."

"ఆవిడ ఖూడా అభ్యంతరం ఛెప్పలేధుగా!"

పాస్టరు టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "ఆవిడ చేతి రొట్టె తిన్నాను నేను" అన్నాడు. తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఆ సాయంత్రమే సంఘంలోంచి ఎజ్రా పేరు కొట్టేశారు.

ఊరు వారం రోజులు నవ్వింది. బెస్సీ సంతలో అతని నడక నడిచి చూపించింది. ఎజ్రా ఏమైపోతాడో అనుకున్నారు. ఏమీ కాలేదు. ఎదురు వీధి చాపెల్‌లో చేరాడు. ఫిడేలు పెట్టుకుని పాడతారని ఇంతకాలం తిట్టింది వాళ్ళనే. వాళ్ళకి బట్టల కొట్టున్న సభ్యుడు దొరకడమే మహాభాగ్యం, ముందు బల్ల మీద చోటిచ్చారు, రెండేళ్ళకి చాపెల్ పెద్దను చేశారు. పాత చాపెల్‌వాళ్ళకి వెలుగెందుకు లేదో అక్కడ నిలబడి ఎంతో వివరంగా చెప్పేవాడు. వినేవాళ్ళూ ఉండేవారు. ఒళ్ళు చేశాడు, మీసం పెంచాడు, బంగారు గొలుసు వేశాడు.

కెజియా పాత చాపెల్ మానలేదు. నెలకోసారి జోనస్ బండెక్కి డైనా దగ్గరికి వెళ్ళి రావడమూ మానలేదు. ఆదివారం పొద్దున మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే తలుపులోంచి బయటికి వచ్చి, వీధి మొగ దాకా పక్కపక్కనే నడిచేవారు. అక్కడ అతను కుడికి తిరిగే ముందు, "మాంసం పొయ్యిలో పెట్టే వఛ్చావా?" అని అడిగేవాడు. ఆమె ఎడమకు తిరిగిపోయేది.